పచ్చి తూకం, ఉడుకు తూకం

పేరు భీమప్ప. వయసు అరవై మూడు. నివాసం ఎమ్మిగనూరు, నేతగాళ్ళ వీధి. స్నేహితులు శ్రీపాదరావుగారు ఆయనను ఎరిగిన కాలం ఇరవై ఎనిమిది సంవత్సరాలు. విశేష లక్షణం ఒక్కటే: తూకం వేయనిదే మెతుకు ముట్టడు.

ఈ చివరి మాట అతిశయోక్తి అని ఎవరైనా అనుకుంటే, వారు భీమప్పతో కలిసి ఒక్క పూటైనా భోజనం చేయలేదని అర్థం. ఆయన వెంట కళ్ళజోడు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. చేతిసంచిలో అరచేతి వెడల్పున్న ఎలక్ట్రానిక్ కాటా మాత్రం ఉండి తీరుతుంది. పెళ్ళి బంతిలో తక్కినవాళ్ళు ఆకు మీద నీళ్ళు చిలకరించుకునే వేళకు ఆయన కాటా తీసి, దాని మీద చిన్న స్టీలు పళ్ళెం పెట్టి, వడ్డించే మనిషికి అరచెయ్యి అడ్డం పెడతాడు.

"ఒక్క నిమిషం నిలుపప్పా. ముందు సున్నా రావాల."

"ఏం సున్నా అన్నా? అన్నం ఆరిపోతాంది!"

"పళ్ళెం బరువు పోవాల గదా. ఆ, వచ్చింది. ఇప్పుడు ఎయ్యి. సాలు, సాలు! అరె, ఆ నాలుగు మెతుకులు వెనక్కి తీసుకోప్పా."

అన్నం తన ఆకులోకి వంపుకొని, అదే పళ్ళెంతో పక్కన కూర్చున్న భార్య నరసమ్మ వడ్డనను కూడా తూచేవాడు. కాటా సరిగ్గా ఉందో లేదో రెండోసారి సరిచూసుకోవడానికని వివరణ ఇచ్చేవాడు. ఈలోగా వెనక నుంచి సాంబారు బకెట్టు, దాని వెనక పచ్చడి గిన్నె, దాని వెనక నెయ్యి చెంబు వరుసగా ఆగిపోయి, పెళ్ళి భోజనం కాస్తా రైల్వే గేటు దగ్గర నిలిచిన వాహనాల బారులా తయారయ్యేది.

ఇంతా చేసి ఆయన స్థూలకాయుడా అంటే, అదీ కాదు. పక్కకు తిరిగి నిలబడితే చొక్కా ఒక్కటే నిలబడినట్టుంటుంది. ఆ శరీరంలో తగ్గించుకోవడానికి ఏముందో ఎమ్మిగనూరులో ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ అలవాటు మూలంగా భీమప్పకు ఒక పెద్ద ముప్పు వచ్చి పడింది. ప్రతి శ్రావణమాసంలో నేతగాళ్ళ సంఘంవారు ఉరుకుంద ఈరన్నస్వామి జాతరలో ఒకరోజు అన్నదానం చేస్తారు. ఆనాటి వంటశాల పెద్దరికం ఒకప్పుడు భీమప్ప తండ్రిది, ఆ తరువాత భీమప్పది. ఆయన ఏడాదిలో తక్కిన రోజులన్నీ ఆ ఒక్క రోజు కోసమే గడుపుతాడని నరసమ్మ అంటూ ఉంటుంది. అటువంటి పెద్దరికం నుంచి ఆయనను ఈ ఏడు తప్పించాలని సంఘంలో మాట పుట్టింది. ఆ ఉత్తరం రాసిపెట్టే పని శ్రీపాదరావుగారి నెత్తిన పడింది. అది ఎలా పడిందో చెప్పాలంటే కాటా కథ మొదటినుంచీ చెప్పాలి.

శ్రీపాదరావుగారు ఆదోనిలో ఒక కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైనవారు. భీమప్ప ఆదోనిలోనే ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాగా చేశాడు. ఇద్దరిదీ పొద్దున ఒకే బస్సు, ఒకే సీటు. పత్తి బండి వస్తే భీమప్ప మొదట బండి బరువు తీసివేసేవాడు, తరువాత పత్తిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి తేమ ఎంతో చెప్పి, దానికి కోత వేసేవాడు. "నీళ్ళకు తూకమిస్తే కాటాకు మర్యాద యాడుంటాది సామీ?" అన్నది ఆయన సిద్ధాంతం. పదవీ విరమణ తరువాత కూడా సిద్ధాంతం విరమించలేదు. పత్తి దొరకలేదు గనుక అన్నం మీద పడింది.

రెండేళ్ళ క్రితం ఒకనాడు ఆయన ఆదోని నుంచి ఒక డాక్టరు ఇచ్చిన పథ్యం కాగితంతో, ఈ కాటాతో బస్సు దిగాడు. శ్రీపాదరావుగారు కంగారుపడ్డారు.

"ఏమప్పా భీమప్పా, ఒంట్లో ఏమైంది నీకు?"

"ఏం కాలేదు సామీ. క్యాలరీలు."

"అవి ఎవరికి వస్తాయప్పా?"

"అందురికీ వస్తాయి సామీ. తూకం తెలిసినోళ్ళకు మట్టుగా వస్తాయి, తెలియనోళ్ళకు మీద పడతాయి."

ఆ కాగితంలో ఏ పూటకు అన్నం ఎన్ని గ్రాములు, పప్పు ఎన్ని గ్రాములు, ఆకుకూర ఎన్ని గ్రాములు తినాలో విశదంగా రాసి ఉంది. అయితే ఆ గ్రాములు వండక ముందువా, వండిన తరువాతవా అన్న విషయంలో కాగితం మౌనం వహించింది. మరొకరైతే డాక్టరును అడిగేవారు. ముప్పై ఏళ్ళు కాటా ముందు కూర్చున్న మనిషి తూకం సంగతి డాక్టరును అడగడమా? ఉడికిన అన్నమంటే తేమ ఎక్కిన సరుకు. కాబట్టి తూచవలసింది పచ్చి సరుకునే అని భీమప్ప తీర్పు చెప్పేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అటుగా వెళ్ళిన శ్రీపాదరావుగారికి ఒక అపూర్వ దృశ్యం కనిపించింది. భీమప్ప కంచంలో అన్నం కొండారెడ్డి బురుజులా లేచి నిలబడింది. దాని చుట్టూ పప్పు కందకంలా పారుతోంది. కాగితం ప్రకారమే తూచిన పుండికూర, అంటే గోంగూర, మాత్రం ఉడికి ఉడికి బొట్టంత అయిపోయి బురుజు మీద జెండాలా ఉంది.

"ఇదేమప్పా! ఇది పథ్యమా, పందెమా?"

"కాగితంలో ఉండేదే సామీ. గ్రాము తేడా లేదు." భీమప్ప ఆయాసపడుతూ బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకున్నాడు. "ఈ పుండికూర ఉంది చూడండి, ఇంత మోసపు సరుకును నేను మిల్లులో గూడా చూడల్యా. గంప నిండా కాటా ఎక్కినాది, గరిటెలోకి దిగినాది."

నెల తిరిగేసరికి ఆ ఊదుబత్తి లాంటి మనిషికి చిన్న బొజ్జ మొలిచింది. అప్పుడు కొడుకు శ్రీనాథ్ కలుగజేసుకొని, కాగితంలో రాసింది ఉడికిన తూకం కావచ్చునని చెప్పి, తండ్రి ఫోన్లో క్యాలరీల లెక్క చూపించే ఏర్పాటు ఒకటి చేసిపెట్టాడు. భీమప్ప వెంటనే దిద్దుబాటుకు పూనుకున్నాడు. ఆయన దిద్దుబాటు ఏమిటంటే, ఉడికిన అన్నాన్ని కాటా మీద పెట్టి, ఫోన్లో పచ్చి బియ్యానికి ఉన్న లెక్క చూడడం. పచ్చి బియ్యమంతా సరుకే. ఉడికిన అన్నంలో సగానికి మించి నీళ్ళే. ఫలితంగా మూడు ముద్దలు తినేసరికి పూట లెక్క పూర్తయిపోయేది.

ఆ రోజుల్లో ఆయన ఆదోని బస్టాండులో బొరుగుల ఉగ్గాని అమ్మే అంగడి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ కనిపించేవాడు. అంగడి హుసేనప్పకు ఈయన సంగతి తెలియనిది కాదు.

"రాన్నా, ఉగ్గాని కట్టేదా? బొరుగులు నానేసేకి ముందు తూకమా, పిండినాక తూకమా?"

అంగడి ముందున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. భీమప్ప నవ్వలేదు. ఆయన ముఖంలో పండితుడికి కొత్త సందేహం దొరికినప్పటి కాంతి వచ్చింది.

"మంచి మాట అడిగినావప్పా. రెండూ ఏసి చూద్దాం. ముందు సున్నా రానీ."

హుసేనప్ప ఆనాడు వేళాకోళానికి అడిగినందుకు బస్సు బయలుదేరే దాకా బొరుగులు నానబెడుతూ, పిండుతూ, కాటా మీద పెడుతూనే ఉన్నాడు. బజ్జీలు మాడిపోయాయి.

ఇలా రెండు పొరపాట్లు చేసిన తరువాత భీమప్ప శాశ్వతమైన విధానం ఒకటి ఏర్పరచుకున్నాడు. వండక ముందు సరుకు తూచాలి. వండిన తరువాత గిన్నెతో సహా తూచాలి. గిన్నె బరువు తీసివేయాలి. అప్పుడు కంచంలో పడిన గరిటెడు అన్నంలో పచ్చి బియ్యం ఎంతో తేలుతుంది. ఇదంతా న్యాయమైన లెక్కే గానీ, గిన్నె బరువు ప్రతిసారీ చూడడం కష్టం కదా. అందుచేత ఇంట్లో ప్రతి గిన్నె అడుగునా ఎర్రరంగుతో దాని ఖాళీ బరువు రాసిపెట్టాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఏదో పనికి శ్రీపాదరావుగారి ఇంటినుంచి తెచ్చుకున్న గిన్నె కూడా తిరిగి వెళ్ళేటప్పుడు అడుగున ఎర్ర అంకెలతో వెళ్ళింది.

కమలాబాయిగారు దాన్ని భర్త ముందు బోర్లించారు.

"ఏమండీ, ఇది గిన్నెనా, లారీనా?"

"తెలిసి చేసింది కాదులే, కమలా."

"తెలిసే చేశాడు. కింద 'ఖాళీ బరువు' అని కూడా రాశాడు. రేపు మన తులసికోట మీద రాస్తాడు, చూస్తూ ఉండండి."

గిన్నెతో పోయింది గనుక ఆ వ్యవహారం సద్దుమణిగింది. గుండిగల దాకా వచ్చేసరికి సద్దుమణగలేదు. నిరుటి శ్రావణంలో ఉరుకుందలో అన్నదానం వంటమనిషి ఎర్రిస్వామి తెల్లవారి లేచి చూసేసరికి, తన గుండిగలన్నీ బోర్లించి ఉన్నాయి, వాటి మీద అంకెలు ఎర్రగా ఆరుతున్నాయి. ఎర్రిస్వామి మామూలు వంటవాడు కాదు. పిడికెడు ఉప్పు గాలిలో విసిరితే సరిగ్గా సరిపోయే చెయ్యి అది. ఆ చేతిని భీమప్ప పట్టుకున్నాడు.

"ఎర్రిస్వామీ, ఆ ఉప్పు ఎంత?"

"పిడికెడు."

"పిడికెడంటే ఎంతప్పా?"

"నా పిడికిలంత!"

"అయితే పిడికిలి కాటా మీద పెట్టు. ముందు సున్నా రానీ."

అవతల భక్తులు బస్సుల్లోంచి దిగి బారులు తీరారు. ఇవతల గుండిగ, అద్దెకు తెచ్చిన పెద్ద కాటా ఎక్కనిదే అన్నం పందిట్లోకి కదలదు. ఎవరో ఆకలికి "గోవిందా!" అన్నారు. దానికి బారంతా గట్టిగా బదులు పలికింది. భీమప్ప దాన్ని కూడా భక్తిగానే తీసుకొని నమస్కారం చేశాడు.

ఇక ఈ ఏడు శ్రావణం దగ్గరపడగానే ఎర్రిస్వామి సంఘం అధ్యక్షుడు శేషన్న ముందు గరిటె కింద పెట్టాడు. "ఆయన్నయినా ఉండాల, నేనయినా ఉండాల. తూకాలేసుకుంటా వండేకి నేనేమన్నా మందుల కంపెనీనా?" శేషన్న తల గోక్కొని శ్రీపాదరావుగారి దగ్గరికి వచ్చాడు.

"సామీ, మీరైతే మెత్తగా రాస్తారు. భీమప్పన్నకు మర్యాద చెడకుండా, 'వయసైంది, విశ్రాంతి తీసుకోన్నా' అన్నట్ల ఒక కాగితం రాసియ్యండి. ఆదివారం మీటింగులో చదువుదాం."

శ్రీపాదరావుగారు సంఘానికి ఎన్నో ఉత్తరాలు రాసిపెట్టినవారు. ఈ ఉత్తరానికి మాత్రం కలం సాగలేదు. కాగితం చేతికి ఇచ్చే ముందు మాట చెవిన వేయడం ధర్మమని తలచి, శనివారం పొద్దున భీమప్ప ఇంటికి నడిచారు. మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. గుంటలో కాళ్ళు పెట్టుకొని నరసమ్మ నేస్తోంది.

"రాండి సామీ, కూర్చోండి. ఆయప్ప ఇంట్లో ల్యాడు. కాటాకు బ్యాటరీలు తెచ్చేకి ఆదోనికి పోయినాడు."

"బ్యాటరీలు ఎమ్మిగనూరులో దొరకవా అమ్మా?"

"దొరుకుతాయి. ఈడివి సున్నా లేటుగా చూపిస్తాయంట."

శ్రీపాదరావుగారు నవ్వబోయి, వచ్చిన పని గుర్తుకు వచ్చి గంభీరులయ్యారు. సంఘంలో నడుస్తున్న మాట మెల్లగా చెప్పారు. ఈ తూకాల పిచ్చి ఒక్కటీ మానుకుంటే పెద్దరికం నిలుస్తుందనీ, సన్నగా ఉండే మనిషికి ఇంత పథ్యం దేనికనీ, ఆమె చెబితే వింటాడేమోననీ అన్నారు.

మగ్గం ఆగింది.

"ఆయప్పకు పథ్యమేంది సామీ! గుండ్రాయి మాదిరి ఉండాడు. పథ్యం నాది."

"నీదా?"

"నాదే. చక్కెర. పొద్దున సూది, మాపున సూది. ఆ కాగితం డాక్టరు రాసిచ్చింది నాకు. తిండి ఎక్కువైతే చక్కెర ఎగురుతాది, తక్కువైతే సూదిమందు నన్ను పడేస్తాది. మూడు ముద్దలని మీరంతా నవ్వుకుంటాండ్రి గదా, ఆ దినాల్లోనే ఈ మగ్గం మీద తల వాల్చి పడిపోతి. ఆయప్ప బెల్లం నీళ్ళు తాపి లేపి కూర్చోబెట్టినాడు. ఆ పొద్దు తిట్టిన తిట్లు సామీ, నన్ను కాదు, ఆ ఫోన్ను. వీధంతా ఇన్యారు. ఫోను ఒక్కటే ఇనలేదు."

శ్రీపాదరావుగారు కండువా సర్దుకున్నారు.

"మరి అందరిలో ఆయన కాటా తీస్తాడేమమ్మా?"

"నేను తీయనంటి గనక. బంతిలో కూర్చొని నేను కాటా తీస్తే ఆడోళ్ళేమంటారు? 'అయ్యో పాపం నరసమ్మా' అంటారు. నాకు ఆ పాపం అనే మాట పడదు సామీ. దానికన్నా చక్కెరే మేలు. అందుకని పెండ్లి లేదు, జాతర లేదు, యాడికీ రానని కూర్చుంటి." ఆమె తెగిన పోగు ఒకటి ముడి వేస్తూ చెప్పింది. "ఆయప్ప రెండు దినాలు ఆలోచన చేసినాడు. మూడో దినం ఏమన్యాడంటే, 'నీకు పాపం వద్దు, నాకు నవ్వు రానీలే. అందురూ నన్ను చూసి నవ్వుతాంటే నీ ఆకును ఎవరు చూస్తారే' అన్యాడు. అప్పటిసంది నాది గూడా సరిచూసేకని తూకమేస్తాడు. నేను కడుపు నిండా తింటాండా. ఆయప్పను చూసి నేను గూడా నవ్వుతాండా."

"ఉరుకుందలో మరి, గుండిగలు..."

"గుండిగలో ఏమి పడిందో తెలియకపోతే గరిటెలో ఏముందో ఎట్ల తెలుస్తాది సామీ? పెద్దరికం పోతే వంటశాలలోకి ఎవరు రానిస్తారు? ఆయప్పకు పెద్దరికం మీద ఆశ ఉంది, లేదనను. నన్ను వదిలిపెట్టి మాత్రం ఉరుకుందకు పోడు."

"ఈ మాట సంఘంలో చెబితే అందరూ..."

"పాపం అంటారు." నరసమ్మ వేలు చూపించింది. "మీరు గూడా అనొద్దు."

"అయ్యో" అనే మాట శ్రీపాదరావుగారి నోటిదాకా వచ్చేసింది. దాన్ని ఆయన చాలా కష్టం మీద దగ్గుగా మార్చుకున్నారు. మగ్గం మళ్ళీ మొదలయింది.

ఆదివారం సంఘం గదిలో అందరూ చేరారు. ఎర్రిస్వామి గరిటె లేకుండా వచ్చాడు. ఆ గరిటె లేకపోవడమే ఒక బెదిరింపుగా ఉంది. భీమప్ప చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని బల్ల చివర కూర్చున్నాడు. సంగతి ఆయన చెవిన పడనే పడింది.

"సామీ," అన్నాడు తల ఎత్తకుండా, "నన్ను తీసేసేకి చెప్పే కారణం పచ్చిదా, ఉడికిందా?"

ఎవరూ నవ్వలేదు. శ్రీపాదరావుగారు లేచి కాగితం విప్పారు. కళ్ళజోడు సవరించుకొని, శేషన్న కోరిన ఉత్తరం తాను రాయలేదనీ, దాని స్థానంలో ఒక విన్నపం తెచ్చాననీ చెప్పి చదవసాగారు.

"అధ్యక్షులవారి సముఖమునకు. మన సంఘపు అన్నదానమున నిరుడు అన్నము చాలలేదని గానీ, మిగిలి పారబోసినామని గానీ ఎవ్వరును చెప్పియుండలేదు..."

"అది నిజమే," అన్నాడు ఎర్రిస్వామి అప్రయత్నంగా. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"...పచ్చి బియ్యము తూచి వండించినందున ఎంత అన్నమగునో ముందే తెలిసినది. కావున భీమప్పగారిని వంటశాల పెద్దరికమున యథాప్రకారము కొనసాగించవలయును."

"గుండిగల రంగు సంగతి?" అన్నాడు ఎర్రిస్వామి. "ఉప్పు సంగతి?"

"ఉప్పు నీ పిడికిలికే వదిలినాము," అన్నారు శ్రీపాదరావుగారు. "దాంట్లో క్యాలరీలు లేవు, నేను విచారించినాను. రంగు సంగతి నువ్వే చెప్పు."

ఎర్రిస్వామి గొంతు తగ్గించాడు. "మూత మీద రాసుకొమ్మనండి. అడుగున రాస్తే పొయ్యి మీద మాడి కంపు కొడతాంది. మూత మీదయితే నాకేం అభ్యంతరం లేదు."

శేషన్నకు ఇంకా అనుమానం తీరలేదు. "అంతా బాగానే ఉంది గానీ సామీ, బంతిలో కాటా సంగతి? జనం నవ్వుతాండారు గదా."

శ్రీపాదరావుగారు భీమప్ప వైపు చూశారు. భీమప్ప ఆ చూపు చూసి, సంచి మీద చేతులు బిగించి, వద్దన్నట్టు మెల్లగా తల ఊపాడు. శ్రీపాదరావుగారు ఆ తల ఊపును గమనించనట్టే కాగితం వైపు తిరిగి, చివరి భాగం ఇలా చదివారు:

"ఉరుకుంద అన్నదానమునాడు బంతిలో ఒక కాటా బాహాటముగా ఉంచవలసినదనియు, తమ వడ్డన తూచుకొనదలచిన స్త్రీలు గానీ పురుషులు గానీ ఎవరైనను, కారణము చెప్పనక్కరలేకుండ తూచుకొనవచ్చుననియు, అట్టివారిని కారణము అడుగుట, చూచి జాలిపడుట పూర్తిగా నిషిద్ధమనియు, నవ్వదలచినవారు మాత్రము నిరభ్యంతరముగా నవ్వుకొనవచ్చుననియు తీర్మానించవలసినదిగా భీమప్పగారి పక్షమున సవినయముగా ప్రార్థించుచున్నాము. మొదట తూగవలసిన వడ్డన ఈ విన్నపము చేసికొన్న శ్రీపాదరావుది. నవ్వు అచ్చటినుండి ఆరంభించవలసినదిగా మనవి."